కిడ్నీ రోగికి కడుపులో ఎండోస్కోపీ చికిత్స: గండం టేబుల్ దిగాకే

సంపాదకులకు నమస్కారం.

ఎండోస్కోపీ గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు ఎక్కువగా భయం పోగొట్టడానికే రాస్తారు. నొప్పి ఉండదని, పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి ఇల్లు చేరొచ్చని చెబుతారు. గొట్టం వేసి కడుపు లోపల చూసి రావడం వరకే అయితే ఆ మాటలు నిజమే. కానీ అదే గొట్టంలోంచి సన్నని పరికరాలు పంపి లోపలి పొర మీద పెరిగిన పాలిప్ తీసినా, తొలిదశ క్యాన్సర్ ఉన్న పొరను ఒలిచినా కడుపు గోడ మీద పుండు మిగులుతుంది. అది మానేదాకా దానిలోంచి రక్తం పోయే అవకాశం ఉంటుంది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారిలో, అందులోనూ యంత్రంతో రక్తాన్ని శుభ్రం చేసే హీమోడయాలసిస్ మీద ఉన్నవారిలో, ఆ అవకాశం మిగతావారికంటే చాలా ఎక్కువ. ఆ రక్తస్రావం చాలాసార్లు డాక్టరు కళ్లెదుట మొదలవదు. రోగి వార్డుకు చేరాకో, ఇంటికి వెళ్లాకో, తర్వాతి డయాలసిస్ మధ్యలోనో మొదలవుతుంది. దీన్ని చాలావరకు ముందే అంచనా వేయవచ్చు, కొంతవరకు ఆపవచ్చు. అయినా చాలా కుటుంబాలకు ఈ మాట ఎవరూ ముందుగా చెప్పడం లేదు. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేయాలి, లేకపోతే అనవసరపు భయం పుడుతుంది. చూడటం వేరు, కోయడం వేరు. గొట్టం వేసి చూడటం, అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపడం తక్కువ ప్రమాదం ఉన్న పనులు. డయాలసిస్ రోగికైనా వీటికి వెనకాడాల్సిన పనిలేదు. రక్తం పలుచన చేసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఆపనక్కర్లేదు. అలాంటిదే అయిన వార్ఫరిన్ వాడుతుంటే ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే టైమ్‌ను చూపే అంకె) ఉండాల్సిన హద్దు దాటలేదని చూసుకుంటే చాలు. ఎక్కువ ప్రమాదం ఉన్న పనులు వేరే ఉన్నాయి. వైరు ఉచ్చు బిగించి పాలిప్‌ను కోసి తీయడం, పొర కింద ద్రవం ఎక్కించి పైకి లేపి కోసే ఈఎంఆర్, అంతకన్నా పెద్ద ప్రాంతాన్ని సన్నని విద్యుత్ కత్తితో కింది నుంచి ఒలిచే ఈఎస్‌డీ, పొట్ట మీదుగా కడుపులోకి ఆహార గొట్టం అమర్చే పెగ్, పిత్తనాళం ముఖద్వారాన్ని కోసే స్ఫింక్టరాటమీ. ఈ ఉత్తరంలో చెప్పేదంతా ఈ రెండో కోవకు సంబంధించినదే.

అందుకే కిడ్నీ రోగి అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఇది అసలు తీయాల్సిందేనా?' అన్నది. కడుపులో కనబడే ప్రతి పాలిప్‌నూ తీయనక్కర్లేదు. ఫండిక్ గ్లాండ్ రకానికి చెందిన చిన్న పాలిప్‌లు చాలావరకు హాని చేయవు, ముక్క పరీక్షతో నిర్ధారించుకుని వదిలేయవచ్చు. అదే తొలిదశ క్యాన్సర్ అయితే, రక్తస్రావం భయంతో ఎండోస్కోపీ చికిత్సను కాదనుకోవడం పెద్ద పొరపాటు. దానికి ప్రత్యామ్నాయం పొట్ట కోసి చేసే ఆపరేషన్. డయాలసిస్ రోగికి అది ఇంకా బరువైన పరీక్ష.

ప్రమాదం ఎంత అన్నదానికి మన దగ్గర మంచి లెక్క ఒకటి ఉంది. జపాన్‌లో కడుపు ఈఎస్‌డీ చేయించుకున్న 10 వేలమందికి పైగా రోగుల వివరాల ఆధారంగా తయారైన 'బెస్ట్-జే' స్కోరు 2021లో ప్రచురితమైంది. అందులో వార్ఫరిన్‌కు గానీ, కొత్తరకం రక్తం పలుచన మందులకు గానీ 4 పాయింట్లు. హీమోడయాలసిస్ మీద ఉన్న కిడ్నీ వ్యాధికి 3. ఆస్పిరిన్‌కు 2, క్లోపిడోగ్రెల్ తరగతి మందులకు 2. అలాంటిదే ఇంకో మందు సిలోస్టజాల్‌కు 1, క్యాన్సర్ గడ్డ 30 మిల్లీమీటర్లు దాటితే 1, కడుపు కింది మూడో వంతులో ఉంటే 1, ఒకటికి మించి గడ్డలుంటే 1. వాడుతున్న మందును చికిత్సకు ముందు ఆపితే ఒక్కో రకానికి 1 పాయింటు తగ్గుతుంది. మొత్తం 0 లేదా 1 వస్తే తర్వాత రక్తస్రావం అయ్యేది 100లో సుమారు 2.8 మందికి. 2 వస్తే 6.1 మందికి, 3 లేదా 4 వస్తే 11.4 మందికి. 5, ఆపైన వస్తే 29.7 మందికి.

ఈ అంకెలను ఒక ఉదాహరణకు పెట్టి చూడండి. గుండె జబ్బు కోసం ఆస్పిరిన్ వాడుతూ వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకునే వ్యక్తి, గడ్డ చిన్నదే, ఒకటే. ఆయన స్కోరు 3, 2 కలిపి 5. అంటే దాదాపు ముగ్గురిలో ఒకరికి రక్తస్రావం అయ్యే గుంపులోకి ఆయన వెళ్లిపోయాడు. ఆస్పిరిన్ ఆపగలిగితే 4కి దిగుతాడు, అంటే సుమారు తొమ్మిదిమందిలో ఒకరు. ఆపగలమా లేదా అన్నది ఆయన గుండె సంగతి తెలిసిన డాక్టరు చెప్పాలి. కానీ ఆ చర్చ తేదీ ఖరారు చేయకముందే జరగాలి, టేబుల్ ఎక్కించేముందు హడావుడిగా కాదు. కిడ్నీ వ్యాధి ఉండి ఇంకా డయాలసిస్ దాకా రానివారికి ఈ స్కోరులో ప్రత్యేకంగా పాయింట్లు లేవు. అంతమాత్రాన వారికి ప్రమాదం లేనట్టు కాదు. రక్తం పలుచన చేసే మందుల్లో కొన్ని వారి ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతాయి.

ఇంత తేడా ఎందుకు? గాయమైనచోట మొదట పరుగెత్తుకొచ్చి అతుక్కునేవి ప్లేట్‌లెట్లు. కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థాలు రక్తంలో పేరుకున్నప్పుడు ఆ ప్లేట్‌లెట్లు సంఖ్యలో సరిపడా ఉన్నా సరిగా పనిచేయవు. రక్తనాళపు గోడకు వాటిని పట్టి ఉంచే వాన్ విల్లీబ్రాండ్ ప్రొటీన్‌తో బంధం కుదురుగా పడదు, ఒకదానికొకటి అంటుకోవడంలో కూడా లోపం ఉంటుంది. రక్తనాళాల్లో నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువై ప్లేట్‌లెట్లను ఇంకా మందకొడిగా మారుస్తుంది. దీనికి రక్తహీనత తోడవుతుంది. ఎర్రకణాలు సమృద్ధిగా ఉన్నప్పుడు అవి నాళం మధ్యలో ప్రవహిస్తూ ప్లేట్‌లెట్లను గోడ వైపు నెడతాయి. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 30 శాతం కంటే తగ్గితే ఆ నెట్టుడు తగ్గి, ప్లేట్‌లెట్లు గాయానికి దూరంగానే కొట్టుకుపోతాయి.

ఇక్కడే చాలామంది మోసపోతారు. ప్లేట్‌లెట్ల సంఖ్య 2 లక్షలు, ప్రోత్రాంబిన్ టైమ్ మామూలు, ఐఎన్‌ఆర్ 1 అని రిపోర్టులో చూసి 'గడ్డకట్టడంలో లోపం లేదు' అనుకుంటారు. ఆ పరీక్షలు కొలిచేది గడ్డకట్టే ప్రొటీన్లను, ప్లేట్‌లెట్ల సంఖ్యను. ప్లేట్‌లెట్ పనితీరును అవి కొలవవు. కాబట్టి కిడ్నీ రోగి రిపోర్టు అంతా మామూలుగా ఉన్నా ప్రమాదం అలాగే ఉంటుంది. ఆ మామూలు రిపోర్టును చూపించి డయాలసిస్ సంగతి చెప్పడం మరిచిపోవద్దు.

రక్తహీనతను సరిచేయడానికి టైమ్ కావాలి. ఎర్రకణాలను పెంచే ఎరిత్రోపొయెటిన్ ఇంజెక్షన్, సిర ద్వారా ఐరన్ పనిచేయడానికి వారాలు పడుతుంది. అత్యవసరం కాని చికిత్స అయితే హిమోగ్లోబిన్ 10 దరిదాపులకు వచ్చేదాకా ఆగడం మంచిది. అంతకుమించి 13 దాటించాలని చూడకూడదు, దానివల్ల పక్షవాతం, రక్తనాళాల్లో రక్తపు గడ్డలు వచ్చే ముప్పు పెరుగుతుంది. ఒక సీసా రక్తం ఎక్కించేస్తే సరిపోతుందిగా అనిపిస్తుంది. కానీ కిడ్నీ మార్పిడి కోసం ఎదురుచూసేవారికి ఎక్కించిన ప్రతి సీసా కొత్త యాంటీబాడీలు పుట్టించి, తర్వాత సరిపడే కిడ్నీ దొరకడాన్ని కష్టం చేయవచ్చు. తప్పనిసరైతే తెల్లకణాలు తీసేసిన రక్తం అడగాలి.

ఇప్పుడు రక్తం పలుచన చేసే మందుల సంగతి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. సొంతంగా ఆపేయడం ఎంత ప్రమాదమో, ఎవరికీ చెప్పకుండా కొనసాగించడం అంతే ప్రమాదం. గుండె రక్తనాళాల్లో ఈ మధ్యే స్టెంట్ వేయించుకున్నవారు క్లోపిడోగ్రెల్, ప్రసుగ్రెల్, టికాగ్రెలోర్‌లను గుండె డాక్టరు చెప్పకుండా ఒక్కరోజు కూడా మానకూడదు. చికిత్స వాయిదా వేయగలిగితే వాయిదా వేయడమే మేలు. ఆపడానికి అనుమతి దొరికినప్పుడు సాధారణంగా క్లోపిడోగ్రెల్ 5 నుంచి 7 రోజుల ముందు, ప్రసుగ్రెల్ 7 రోజుల ముందు, టికాగ్రెలోర్ 3 నుంచి 5 రోజుల ముందు ఆపుతారు. వార్ఫరిన్ 5 రోజుల ముందు ఆపి, ఐఎన్‌ఆర్ 1.5 కంటే తగ్గిందని చూసుకుని మొదలుపెడతారు.

కొత్త మందుల విషయంలో కిడ్నీయే లెక్క మార్చేస్తుంది. డబిగాట్రాన్‌లో సుమారు 80 శాతం కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. ఎపిక్సబాన్‌లో అలా పోయేది సుమారు 27 శాతమే. యూరప్ ఎండోస్కోపీ వైద్యుల మార్గదర్శకాల ప్రకారం ఎక్కువ ప్రమాదం ఉన్న చికిత్సకు ముందు ఈ మందుల చివరి మోతాదు కనీసం 3 రోజుల ముందు వేసుకోవాలి. క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) నిమిషానికి 30 నుంచి 50 మి.లీ. మధ్య ఉన్న రోగికి డబిగాట్రాన్ అయితే 5 రోజుల ముందు. 'రెండు రోజులు ఆపండి చాలు' అని అందరికీ చెప్పే మాట ఇలాంటి రోగికి చాలదు. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఒంటి కండ తక్కువగా ఉన్న వృద్ధుల్లో క్రియాటినిన్ 1.3 ఉన్నా కిడ్నీ పనితీరు సగానికంటే తక్కువ ఉండొచ్చు. అందుకే క్రియాటినిన్ అంకెను కాకుండా వయసు, బరువు కలిపి లెక్కించిన క్లియరెన్స్ చూసి మందు ఆపే రోజు నిర్ణయించాలి.

వార్ఫరిన్ ఆపిన ఐదు రోజులకు బదులుగా పొట్ట మీద వేసే ఎనాక్సాపారిన్ ఇంజెక్షన్లు రాసిచ్చే అలవాటు ఇంకా ఉంది. ఈ మందు కూడా కిడ్నీల ద్వారానే పోతుంది. క్లియరెన్స్ 30 కంటే తక్కువగా ఉంటే పేరుకుపోతుంది, డయాలసిస్ రోగిలో ఎంత పేరుకుందో అంచనా వేయడం కష్టం. గుండె లయ తప్పినందుకు మాత్రమే వార్ఫరిన్ వాడే చాలామందికి ఈ బదులు ఇంజెక్షన్లే అవసరం లేదు. గుండెలో లోహపు కవాటం ఉన్నవారికి అవసరమైతే ఆసుపత్రిలో ఉంచి, రక్తం గడ్డకట్టకుండా చేసే మామూలు హెపారిన్‌ను సిర ద్వారా ఇస్తారు, ఎందుకంటే దాన్ని ఆపిన కొద్ది గంటల్లో ప్రభావం పోతుంది.

ఇక హెపారిన్. మేము ఎక్కువగా చెప్పదలచుకున్నది దీని గురించే. హీమోడయాలసిస్‌లో రక్తం ఒంటి బయట గొట్టాల్లో తిరుగుతుంది కాబట్టి అక్కడ గడ్డకట్టకుండా ప్రతిసారీ హెపారిన్ ఇస్తారు. ఇది రోగి మందుల చీటీలో కనబడదు. రోజూ వేసుకునే మాత్రల పేర్లు అడిగితే రోగి చెప్పడు, ఎందుకంటే అది ఆయన దృష్టిలో మందు కాదు, యంత్రంలో భాగం. ఎండోస్కోపీ బృందం అడగదు, డయాలసిస్ యూనిట్‌కు చికిత్స జరిగిన సంగతి తెలియదు. కడుపులో తాజా పుండుతో వచ్చిన రోగికి ఎప్పటిలాగే హెపారిన్ పంపు ఆన్ అవుతుంది. అలా జరగడానికి ఎవరి నిర్లక్ష్యమూ అక్కర్లేదు. ఒక యూనిట్ కాగితం ఇంకో యూనిట్‌కు చేరకపోతే చాలు.

దీనికి పరిష్కారం రోజుల సర్దుబాటుతో మొదలవుతుంది. కడుపు చికిత్సను డయాలసిస్ జరిగిన మర్నాడు పెట్టుకోవాలి. ముందురోజు డయాలసిస్‌తో వ్యర్థాలు తగ్గి ప్లేట్‌లెట్లు కొంచెం మెరుగ్గా పనిచేస్తాయి. పొటాషియం, ఒంట్లో నీరు అదుపులో ఉంటాయి కాబట్టి మత్తు ఇవ్వడమూ సులువు. మామూలు హెపారిన్ ఒంట్లో సగం కరగడానికి గంట, గంటన్నర పడుతుంది కాబట్టి మర్నాటికి దాని జాడ మిగలదు. సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్ ఉన్న రోగికి మంగళవారం గానీ గురువారం గానీ చికిత్స పెట్టొచ్చు. శనివారం చేయిస్తే తర్వాతి డయాలసిస్‌కు ఒకరోజు ఎక్కువ ఎడం దొరుకుతుంది. కానీ రక్తస్రావం ఎక్కువగా కనబడే తొలి రోజుల్లో ఆదివారం వస్తుంది. ఆరోజు ఎండోస్కోపీ బృందం అందుబాటులో ఉంటుందా అని ముందే అడగాలి.

చికిత్స తర్వాతి డయాలసిస్ హెపారిన్ లేకుండా జరగాలి. ఇది చేయగలిగిన పనే, కానీ నర్సుకు పని పెరుగుతుంది. ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో ధమనిని సిరకు కలిపి చేసిన దారి) సహకరించినంత వేగంగా రక్తం తిప్పుతూ, ప్రతి 15 నుంచి 30 నిమిషాలకోసారి 100 నుంచి 200 మి.లీ. సెలైన్‌తో గొట్టాలను కడగాలి. అరగంటకోసారి అనుకున్నా నాలుగు గంటల్లో 800 నుంచి 1600 మి.లీ. సెలైన్ రోగి ఒంట్లోకి వెళ్తుంది. దాన్ని కూడా తీయాల్సిన నీటిలో కలిపి లెక్కించకపోతే రోగి ఆయాసంతో ఇంటికి వెళ్తాడు. ఇంత చేసినా ఒక్కోసారి రక్తాన్ని వడకట్టే డయలైజర్‌లో గడ్డకట్టి కొంత రక్తం పోతుంది, అది ముందే రోగికి చెప్పి ఉంచాలి. హెపారిన్ లేకుండా ఎన్నిసార్లు చేయాలన్నది పుండు సైజును బట్టి ఎండోస్కోపీ డాక్టరు నిర్ణయించి, 'ఫలానా తేదీ వరకు వద్దు' అని రాసివ్వాలి. 'కొన్నాళ్లు జాగ్రత్త' అని రాస్తే డయాలసిస్ నర్సుకు ఉపయోగం లేదు.

మెడ దగ్గర క్యాథటర్ ద్వారా డయాలసిస్ చేయించుకునేవారికి ఇంకో దారిలో హెపారిన్ చేరుతుంది. డయాలసిస్ ముగిశాక క్యాథటర్ రెండు దారులనూ హెపారిన్‌తో నింపి మూత వేస్తారు. ఒక మి.లీ.కి 5000 యూనిట్లున్న ద్రావణం వాడినప్పుడు కొంత చివర్న ఉన్న రంధ్రాల గుండా రక్తంలోకి కారి, కొన్ని గంటలపాటు రక్తం గడ్డకట్టే టైమ్‌ను పెంచగలదు. ఇలాంటి రోజుల్లో ఒక మి.లీ.కి 1000 యూనిట్లుండే ద్రావణం గానీ, 4 శాతం సిట్రేట్ గానీ వాడాలి. క్యాథటర్ మీద ముద్రించి ఉన్న పరిమాణాన్ని మించి నింపకూడదు. తర్వాతిసారి మొదలుపెట్టేటప్పుడు లోపలున్న దాన్ని బయటికి లాగేయాలి, లోపలికి తోయకూడదు. పొట్టలో ద్రవం నింపి చేసే పెరిటోనియల్ డయాలసిస్ వారికి రక్తంలో హెపారిన్ ఇబ్బంది ఉండదు. ఎండోస్కోపీకి ముందు పొట్టలోని ద్రవం తీసేసి రావాలి, అంతే.

చికిత్స చేసే డాక్టరు చేతిలో ఉన్న జాగ్రత్తలను క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాము. ఒలిచిన తర్వాత పుండు అడుగున కనబడే ప్రతి రక్తనాళాన్ని కోయాగ్యులేషన్ ఫోర్సెప్స్‌తో పట్టి మూసివేయడం, వీలైనచోట క్లిప్పులు బిగించడం రక్తస్రావాన్ని తగ్గించే పనులు. మత్తుకు పెథిడిన్ వాడకూడదు, కిడ్నీలు పనిచేయనివారిలో దాని వ్యర్థం పేరుకుని ఫిట్స్ తెప్పించవచ్చు. కొందరికి ప్లేట్‌లెట్లు బాగా అతుక్కునేలా చేసే డెస్మోప్రెసిన్ ముందుగా ఇస్తారు. కిలో బరువుకు 0.3 మైక్రోగ్రాములు, 50 మి.లీ. సెలైన్‌లో కలిపి 15 నుంచి 30 నిమిషాల్లో ఎక్కిస్తారు. గంటలో పని మొదలై నాలుగు నుంచి ఎనిమిది గంటలు ఉంటుంది. రెండోసారి, మూడోసారి ఇచ్చేసరికి దాని బలం తగ్గిపోతుంది కాబట్టి ఇది రోజుల తరబడి కాపలా కాసే మందు కాదు. సోడియం పడిపోయే ముప్పు కూడా ఉంది, కాబట్టి ఇచ్చినరోజు నీళ్లు తగ్గించాలి.

తర్వాత వాడే మందుల్లో కూడా కిడ్నీకి సంబంధించిన మెలికలున్నాయి. కడుపులో ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్, ఎసోమెప్రజోల్ లాంటి పీపీఐ మందులకు కిడ్నీ కోసం మోతాదు తగ్గించనక్కర్లేదు. ఈఎస్‌డీ పుండు పూర్తిగా మానడానికి సుమారు 8 వారాలు పడుతుంది, అందాకా వేసుకోవాలి. పీపీఐలు కిడ్నీని పాడుచేస్తాయని ఎక్కడో చదివి రెండో వారంలోనే ఆపేసేవారున్నారు. ఏళ్ల తరబడి అవసరం లేకుండా వాడటం గురించిన హెచ్చరిక అది. కడుపులో పచ్చి పుండు ఉన్న 8 వారాలకు అది వర్తించదు. క్లోపిడోగ్రెల్ కూడా వాడేవారికి ఒమెప్రజోల్ కంటే పాంటోప్రజోల్ నయం. ఫామోటిడిన్ అయితే కిడ్నీ రోగికి మోతాదు తగ్గించాలి, లేకపోతే వృద్ధుల్లో మతి తికమక పడుతుంది. పుండు మీద పూతలా పనిచేసే సుక్రాల్ఫేట్‌లో అల్యూమినియం ఉంటుంది, డయాలసిస్ రోగి ఒంట్లో అది పేరుకుంటుంది. మామూలు యాంటాసిడ్ సీసాల్లో అల్యూమినియం, మెగ్నీషియం రెండూ ఉంటాయి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే ఈ సీసాలు డయాలసిస్ రోగి ఇంట్లో ఉండకూడదు. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ అసలే వద్దు, పారాసెటమాల్ చాలు. కడుపు పుండుకు కారణమయ్యే హెలికోబాక్టర్ బ్యాక్టీరియా ఉందేమో పరీక్షించి, ఉంటే కిడ్నీకి తగ్గ మోతాదులో మందులు వాడాలి.

రక్తస్రావం ఎక్కువగా మొదటి ఒకటి రెండు రోజుల్లో, మిగతాది చాలావరకు రెండు వారాల్లోపు కనబడుతుంది. రక్తం పలుచన మందులు తిరిగి మొదలుపెట్టినవారిలో ఇంకా ఆలస్యంగా కూడా రావచ్చు. డిశ్చార్జ్ అయ్యాం కదా అని ధీమా పడకూడని కాలం అది. రక్తపు వాంతి, కాఫీ పొడి రంగు వాంతి అయితే ఎవరికైనా అర్థమవుతుంది. నల్ల విరేచనం దగ్గరే తడబాటు. కిడ్నీ రోగుల్లో చాలామంది ఐరన్ మాత్రలు వేసుకుంటారు, వాటివల్లా మలం నల్లబడుతుంది. ఐరన్ వల్ల వచ్చే నలుపు పచ్చదనం కలిసి, మలం మామూలుగా గట్టిగానే ఉంటుంది. రక్తం వల్ల అయితే తారులా నిగనిగలాడుతూ, జిగటగా, పల్చగా, భరించలేని దుర్వాసనతో ఉంటుంది. ఈ గందరగోళమే వద్దనుకుంటే, చికిత్సకు వారం ముందు నుంచి పుండు మానేదాకా మాత్రలు ఆపి ఐరన్‌ను డయాలసిస్‌లో సిర ద్వారా ఇవ్వమని కిడ్నీ డాక్టరును అడగొచ్చు. మాకైతే ఇదే సరైన పద్ధతి అనిపిస్తుంది.

మిగతా గుర్తులు కూడా కిడ్నీ రోగిలో ముసుగు వేసుకుని వస్తాయి. రక్తం పోతే నాడి వేగం పెరగాలి, కానీ గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్, కార్వెడిలాల్ వాడేవారిలో అంతగా పెరగదు. డయాలసిస్ మధ్యలో బీపీ పడిపోతే నీరు ఎక్కువ తీశామని అనుకోవడం యూనిట్లలో అలవాటు. కడుపు చికిత్స జరిగిన రెండు వారాల్లోపు అలా పడితే ముందు రక్తస్రావాన్ని అనుమానించి, డయాలసిస్ గొట్టంలోంచే హిమోగ్లోబిన్ పరీక్షకు రక్తం తీసి పంపాలి. యూరియా పెరగడం మామూలు రోగిలో మంచి గుర్తు, డయాలసిస్ రోగిలో అది ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది కాబట్టి ఆయన పాత అంకెతో పోల్చాలి. రక్తం పోయిన మొదటి గంటల్లో హిమోగ్లోబిన్ తగ్గినట్టు కనబడకపోవచ్చు కూడా. అందుకే చికిత్స మర్నాడు ఒకసారి, ఆపైన రెండు వారాలు ప్రతి డయాలసిస్ మొదట్లో పరీక్షించి, 2 గ్రాములు అంతకంటే ఎక్కువ తగ్గితే మళ్లీ గొట్టం వేయాల్సి వస్తుందని సిద్ధపడాలి.

రక్తస్రావం మొదలైతే ఇంట్లో చేయగలిగింది తక్కువ. నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఎండోస్కోపీ, డయాలసిస్ రెండూ ఉన్న ఆసుపత్రికి నేరుగా తీసుకెళ్లాలి. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు, సూది గుచ్చనివ్వకూడదు. హడావుడిలో ఇది మరిచిపోతారు, పక్కనున్నవారే గుర్తుచేయాలి. బీపీ చాలాసేపు పడిపోయి ఉంటే ఫిస్టులా గడ్డకట్టి మూసుకుపోతుంది, కాబట్టి అది పనిచేస్తోందా అని చేత్తో తడిమి చూస్తుండాలి. రక్తం ఎక్కించేటప్పుడు నిల్వ రక్తంలోని పొటాషియం, పేగుల్లో అరుగుతున్న రక్తంలోని పొటాషియం రెండూ కలిసి గుండెను ఆపేంత స్థాయికి చేరవచ్చు. ప్రాణాపాయం లేనంతవరకు డయాలసిస్ నడుస్తుండగా రక్తం ఎక్కించడం మంచిది, అప్పుడు నీరు, పొటాషియం రెండూ వెంటనే బయటికి పోతాయి. సాధారణంగా హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గితే, గుండె జబ్బు ఉన్నవారికి 8 దగ్గర ఎక్కిస్తారు.

రక్తం ఆపే ఇంజెక్షన్ అంటూ ట్రానెక్సామిక్ ఆమ్లం వేయమని బంధువులు అడుగుతుంటారు. 2020లో ప్రచురితమైన హాల్ట్-ఐటీ అధ్యయనంలో 15 దేశాల్లో 12,009 మంది రోగులను పరీక్షించారు. జీర్ణకోశ రక్తస్రావంలో దానివల్ల మరణాలు తగ్గలేదు. పైగా సిరల్లో రక్తపు గడ్డలు, ఫిట్స్ పెరిగాయి. ఆ మందు కిడ్నీల ద్వారానే పోవాలి కాబట్టి డయాలసిస్ రోగికి ఫిట్స్ ముప్పు ఇంకా ఎక్కువ. రోగిని నిలకడకు తెచ్చి 24 గంటల్లోపు మళ్లీ గొట్టం వేసి, రక్తం కారే నాళాన్ని క్లిప్పుతోనో వేడితోనో మూయడమే అసలు చికిత్స. అదీ ఫలించకపోతే తొడ దగ్గరి ధమని గుండా వెళ్లి ఆ నాళాన్ని మూసేస్తారు. దానికోసం ఎక్స్‌రేలో నాళాలు కనబడేలా వాడే కాంట్రాస్ట్ మందు కిడ్నీకి మంచిది కాదన్న భయంతో ప్రాణం పోయే పరిస్థితిలో ఆలస్యం చేయకూడదు.

కడుపు చికిత్స చేసే ఆసుపత్రులకు మా విన్నపం ఒకటి. కిడ్నీ రోగిని డిశ్చార్జ్ చేసేటప్పుడు డయాలసిస్ యూనిట్ పేరున విడిగా అరపేజీ కాగితం ఇవ్వండి. ఏ తేదీన ఏం చేశారు, పుండు ఎక్కడ, ఎన్ని మిల్లీమీటర్లు, క్లిప్పులు ఉన్నాయా, హెపారిన్ ఏ తేదీ వరకు వద్దు, క్యాథటర్‌లో ఏం నింపాలి, ఏ రక్తం పలుచన మందు ఏ తేదీన తిరిగి మొదలుపెట్టాలి, డిశ్చార్జ్ నాటి హిమోగ్లోబిన్ ఎంత, రాత్రిపూట ఏ నంబరుకు ఫోన్ చేయాలి. ఇంతే. మందు తిరిగి మొదలుపెట్టే తేదీ రాయకపోతే రెండు రకాల ప్రమాదం ఉంది. కొందరు మర్నాడే మొదలుపెట్టి రక్తం పోగొట్టుకుంటారు, ఇంకొందరు నెలల తరబడి మరిచిపోయి పక్షవాతం తెచ్చుకుంటారు.

మీ ఆరోగ్య పేజీలో ఎండోస్కోపీ గురించి ఇకముందు వ్యాసం వేసినప్పుడు, రాసిన డాక్టరును రెండు ప్రశ్నలు అదనంగా అడగమని కోరుతున్నాము. కిడ్నీ వ్యాధి ఉంటే మందులు ఆపే రోజులు ఎలా మారతాయి? డయాలసిస్‌లో ఇచ్చే హెపారిన్ గురించి ఎవరు ఎవరికి చెప్పాలి? ఆ రెండు జవాబులూ అచ్చులో వస్తే, వాటిని కత్తిరించి ఫైలులో పెట్టుకునే కుటుంబాలు చాలానే ఉన్నాయి.

ఇట్లు,
జీర్ణకోశ, మూత్రపిండ వైద్య విభాగాలకు చెందిన కొందరు వైద్యులు